పువ్వు కొలతను బట్టి పరికరం: దగ్గరి పూల ఫోటోలకు ఏది ఎంచుకోవాలి?

పూలను దగ్గరగా ఫోటో తీయాలనుకునేవారిలో ఎక్కువమంది మొదట అడిగేది ఏ మాక్రో లెన్స్ (అతి దగ్గరి ఫోటోల కోసం చేసిన లెన్స్) కొనాలన్నదే. అంతకంటే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటి ఉంది: తీయదలచిన పువ్వు ఎంత పెద్దది? నెల్లూరు మిద్దెల మీద కుండీల్లో పూసే మందారం పది సెంటీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. ఒంగోలు చుట్టుపక్కల చేలలో శీతకాలంలో కనిపించే శనగ పువ్వు సెంటీమీటరు దగ్గరే ఆగిపోతుంది. ఈ రెండింటికీ ఒకే పరికరం సూచించే సలహా ఏదైనా సగం మందికి వృథా ఖర్చే అవుతుంది.

కెమెరా లోపల బొమ్మను నమోదు చేసే పలక, అంటే సెన్సర్ మీద పడే బొమ్మ పువ్వు అసలు కొలతతో సమానంగా ఉంటే దానిని 1:1 అంటారు. అందులో సగం ఉంటే 0.5 రెట్లు. మనవాళ్ల చేతుల్లో ఎక్కువగా కనిపించే ఏపీఎస్-సీ కెమెరాల సెన్సర్ సుమారు 23 మి.మీ. వెడల్పు, 15 మి.మీ. ఎత్తు ఉంటుంది. పది సెంటీమీటర్ల మందారం ఆ 15 మి.మీ. ఎత్తును నింపడానికి 0.15 రెట్లు చాలు. కెమెరాతో పాటు వచ్చే 18-55 మి.మీ. లెన్స్ (కిట్ లెన్స్) సాధారణంగా 0.3 రెట్ల దగ్గరి దాకా వెళ్తుంది కాబట్టి, ఐదు సెంటీమీటర్లు, అంతకు మించి ఉన్న పూలకు, అంటే మందారానికీ, బంతికీ, పెద్ద చేమంతికీ కొత్తగా ఏ లెన్సూ కొననక్కరలేదు. నందివర్ధనం, గన్నేరు ఆ సరిహద్దులో ఉంటాయి. మల్లె, జిల్లేడు సరిహద్దుకు అవతలివి. గట్ల మీద పూసే గడ్డిచామంతి, మిరప పువ్వు, శనగ పువ్వు వంటివి మాత్రమే నిజంగా 1:1 దాకా వెళ్లగల సాధనాన్ని కోరతాయి. వారం రోజుల పాటు మీరు ఏ పూల దగ్గర ఆగుతున్నారో గమనించి, చిన్న స్కేలుతో వాటి వెడల్పు కొలిచి చూస్తే, కొనవలసినది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

పరికరాల మధ్య ఎంపిక

ముందు ఫోన్ సంగతి. ఫోన్లలో మాక్రో పేరుతో వచ్చేవి రెండు రకాలు. తక్కువ ధర ఫోన్లలో విడిగా అమర్చే 2 మెగాపిక్సెళ్ల మాక్రో కెమెరా ఒకటి. దానిని పక్కన పెట్టి, ప్రధాన కెమెరాతోనే కాస్త దూరం నుంచి తీసి కత్తిరించుకున్నా అంతకంటే మంచి బొమ్మ వస్తుంది. రెండో రకం, విశాల దృశ్యపు కెమెరాకే దగ్గరగా ఫోకస్ చేసే శక్తినిచ్చిన ఖరీదైన ఫోన్లు. 2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రో ఇలా రెండు సెంటీమీటర్ల దూరం దాకా ఫోకస్ చేయగలిగింది. బొమ్మలో స్పష్టత బాగానే ఉంటుంది గాని, అంత దగ్గరికి వెళ్తే ఫోన్ నీడ పువ్వు మీదే పడుతుంది. విశాల దృశ్యం కావడం వల్ల వెనుక ఉన్న గోడ, బక్కెట్, నీళ్ల పైపు అన్నీ చట్రంలోకి వచ్చేస్తాయి. మందారం, బంతి వంటి పెద్ద పూలకు ఫోన్‌లో మాక్రో మోడ్ కంటే, రెండు మూడు రెట్ల జూమ్ కెమెరాతో ఒక అడుగు వెనక్కి జరిగి తీయడమే మేలు. పోర్ట్రెయిట్ మోడ్ మాత్రం పూలకు వాడకపోవడమే మంచిది. కేసరాల వంటి సన్నని భాగాల అంచులను అది సరిగా గుర్తించలేక, కొన్నింటిని నేపథ్యంతో కలిపి మసకబారుస్తుంది.

కెమెరా ఉన్నవారికి అసలు పోటీ మూడింటి మధ్య ఉంటుంది: లెన్స్ ముందు బిగించే క్లోజప్ ఫిల్టర్, లెన్స్‌కూ కెమెరాకూ మధ్య బిగించే ఎక్స్‌టెన్షన్ ట్యూబ్, పూర్తి స్థాయి మాక్రో లెన్స్. మొదటి రెండింటిలో ఏది మంచిదని విడిగా అడిగితే జవాబు ఉండదు. మీ దగ్గర ఇప్పటికే ఏ లెన్స్ ఉందన్న దాని మీదే అది ఆధారపడుతుంది.

ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ ఎన్ని రెట్లు ఇస్తుందో లెక్కగట్టడం సులభం: ట్యూబ్ పొడవును లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద మి.మీ.లలో రాసి ఉండే అంకెతో) భాగించాలి. 50 మి.మీ. లెన్స్‌కు 25 మి.మీ. ట్యూబ్ బిగిస్తే దాని వల్లనే 0.5 రెట్లు వస్తుంది. ఆ లెన్స్ సొంతంగా ఇచ్చే 0.15 దానికి కలుస్తుంది. అదే ట్యూబ్‌ను 200 మి.మీ. జూమ్‌కు బిగిస్తే అదనంగా వచ్చేది 0.125 మాత్రమే. క్లోజప్ ఫిల్టర్ లెక్క దీనికి సరిగ్గా తలకిందులు. దాని బలాన్ని డయాప్టర్లలో చెబుతారు. లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ను డయాప్టర్లతో గుణించి 1000తో భాగిస్తే, లెన్స్ అనంతం దగ్గర, అంటే చాలా దూరపు వస్తువుల మీద, ఫోకస్ అయి ఉన్నప్పుడు ఎన్ని రెట్లు వస్తుందో తెలుస్తుంది. 4 డయాప్టర్ల ఫిల్టర్ 50 మి.మీ. లెన్స్ మీద 0.2 రెట్లే ఇస్తుంది, 200 మి.మీ. మీద 0.8 ఇస్తుంది. అందువల్ల పెళ్లి ఫోటోల కోసం కొన్న 50 మి.మీ. లెన్స్ ఇంట్లో ఉన్నవారు ట్యూబ్ కొనాలి. 55-250 గానీ, 70-300 గానీ ఉన్నవారు ఫిల్టర్ కొనాలి. తారుమారుగా కొని రెండూ పనికిరావని అనేవారు తరచుగా కనిపిస్తుంటారు.

కోస్తాలో ఉండే మనకు ఫిల్టర్ వైపు మొగ్గడానికి మరో కారణం ఉంది. ట్యూబ్ బిగించాలంటే ప్రతిసారీ లెన్స్ విప్పి కెమెరా నోరు తెరవాలి. మైపాడు, కొత్తపట్నం తీరాల్లో ఇసుక మీద పాకే తీగల ఊదారంగు పూలు తీయబోయేవారికి అది ఇసుకనూ ఉప్పుగాలినీ లోపలికి పిలవడమే. ఫిల్టర్‌కు ఆ బాధ లేదు, పైగా దాని అద్దమే లెన్స్‌కు కవచంగా కూడా ఉంటుంది. 4 డయాప్టర్ల ఫిల్టర్‌తో పువ్వుకు 25 సెంటీమీటర్ల దూరంలో, 2 డయాప్టర్ల దానితో అర మీటరు దూరంలో ఉండి తీయవచ్చు కాబట్టి, ముళ్ల కంప మధ్య పూసిన పువ్వుకైనా చేయి గీసుకోకుండా పని జరుగుతుంది. అయితే ఒంటి అద్దంతో చేసిన చౌక ఫిల్టర్లలో, ముఖ్యంగా 10 డయాప్టర్లని రాసి అమ్మేవాటిలో, అంచులు మసకబారి రేకుల చివర ఊదా, ఆకుపచ్చ చారలు వస్తాయి. రెండు లేదా మూడు అద్దాలు కలిపి చేసిన ఆక్రోమాట్ రకాన్నే తీసుకోవాలి. కానన్ 500డీ (2 డయాప్టర్లు), 250డీ (4 డయాప్టర్లు), రేనాక్స్ డీసీఆర్-250 (8 డయాప్టర్లు) ఆ కోవలోవి. కానన్ పేరు ఉన్నా ఆ ఫిల్టర్లు బిగించే మర కొలత సరిపోతే ఏ కంపెనీ లెన్స్‌కైనా బిగుస్తాయి.

ట్యూబుల్లోనూ రెండు రకాలున్నాయి. విద్యుత్ స్పర్శలు లేనివి కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి గాని, వాటితో ఇప్పటి లెన్సుల ఎపర్చర్‌ను, అంటే వెలుగు లోపలికి వచ్చే రంధ్రం కొలతను, మార్చలేరు. అది లేకుండా దగ్గరి ఫోటో తీయడం దాదాపు అసాధ్యం కనుక, స్పర్శలు ఉన్న రకానికే డబ్బు పెట్టాలి. 18-55 లెన్స్‌ను వెడల్పు చివర, అంటే 18 దగ్గర, పొడవైన ట్యూబ్‌తో వాడాలని చూడకండి. ఫోకస్ బిందువు లెన్స్ లోపలికే వెళ్లిపోతుంది. లెన్స్‌ను తిరగేసి బిగించే రివర్స్ రింగు అన్నిటికంటే చౌక, 50 మి.మీ. లెన్స్‌తో అది దాదాపు 1:1 ఇస్తుంది. ఎపర్చర్ రింగు ఉన్న పాత మాన్యువల్ లెన్స్ ఉంటేనే దానిని ఆలోచించండి.

ఇక మాక్రో లెన్స్. చిన్న పూలే మీ ఇష్టమైతే దీనికి సాటి మరొకటి లేదు, ఎందుకంటే అనంతం నుంచి 1:1 దాకా ఏదీ విప్పకుండా, బిగించకుండా వెళ్లవచ్చు. 50-60 మి.మీ. రకానికీ, 90-105 మి.మీ. రకానికీ మధ్య తేల్చుకోవలసి వస్తే, పూల విషయంలో నా మొగ్గు రెండో దాని వైపే. ఏ కెమెరా మీదైనా 1:1 దగ్గర రెండూ పువ్వును ఒకే పరిమాణంలో చూపిస్తాయి; కాని పొడవైన లెన్స్ పువ్వుకు ఎక్కువ దూరం నుంచి పని చేస్తుంది, నేపథ్యంలో తక్కువ భాగాన్నే చట్రంలోకి తెస్తుంది. మిద్దె మీద కుండీ వెనుక పిట్టగోడ, దాని వెనుక కేబుల్ తీగలు ఉండే మన ఇళ్లలో ఈ రెండో లక్షణానికి విలువ చాలా ఎక్కువ. లెన్స్‌లోని కంపన నివారణను నమ్మి అదనంగా డబ్బు పెట్టాలా అన్నది మరో ప్రశ్న. కోణపు కదలికను మాత్రమే సరిచేసే మామూలు పద్ధతి అంత దగ్గరలో బలహీనపడుతుంది. పక్కలకు జరిగే కదలికను కూడా సరిచేసే పద్ధతి 2009లో కానన్ 100 మి.మీ. ఎల్ మాక్రోతో వచ్చింది. అదైనా మీ చేతి వణుకునే ఆపుతుంది, గాలికి ఊగే కొమ్మను ఆపలేదు.

వెలుగు

లెన్స్ మీద పెట్టే ఆలోచనలో సగం వెలుగు మీద పెడితే బొమ్మలు ఎక్కువగా మారతాయి. మన ఎండ గురించి నెల్లూరు, ప్రకాశం వారికి ఒకరు చెప్పనక్కరలేదు. వేసవిలో ఉదయం ఎనిమిది దాటేసరికే రేకుల మీద తెల్లటి మెరుపులు, కింద నల్లటి నీడలు ఏర్పడతాయి.

పొద్దున తీయాలా, మబ్బు రోజు తీయాలా, నీడ పట్టి తీయాలా, ఫ్లాష్ వాడాలా అన్న నాలుగు దారులలో, వీలైతే మొదటిదే ఎంచుకోండి. సూర్యోదయం తరువాత గంటన్నర వరకు కిరణాలు వాలుగా, మెత్తగా ఉండడంతో పాటు, తీరప్రాంతంలో గాలి కూడా అప్పుడు తక్కువ; పొద్దెక్కాక సముద్రం మీది నుంచి వీచే గాలి మొదలైతే ఇక కొమ్మలు నిలవవు. పూల సొంత వేళలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. తామర పొద్దున విచ్చుకుని ఎండ ముదిరేసరికి ముడుచుకోసాగుతుంది. పారిజాతం తెల్లవారేసరికి రాలిపోతుంది. చంద్రకాంత సాయంత్రం గాని విచ్చుకోదు, మల్లె మొగ్గ పొద్దువాలాక గాని విడదు. కాబట్టి మల్లెకు ఉదయపు వెలుగే శ్రేష్ఠమని ఎంత చెప్పుకున్నా లాభం లేదు; దానికి సాయంత్రపు చివరి వెలుగో, ఫ్లాషో వాడవలసిందే.

మబ్బు రోజుల విషయంలో మన జిల్లాలు అదృష్టవంతమైనవి. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఆకాశమంతా ఒకే పెద్ద తెల్లని తెరలా మారే రోజులు చాలా వస్తాయి. పాలిపోయిన రంగుల పూలకు, తెల్లని నందివర్ధనానికి ఆ వెలుగు చక్కగా నప్పుతుంది. ఎరుపు, నారింజ పూలకు మాత్రం మబ్బు వెలుగు కంటే వెనుక నుంచి పడే పొద్దుటి కిరణం మేలు; రేకు గుండా వెలుగు దాటి వచ్చినప్పుడు లోపలి ఈనెలు కూడా కనిపిస్తాయి.

ఎండ వేళలో తప్పనిసరిగా తీయవలసి వస్తే పలుచటి తెల్ల పంచెను రెండు కర్రలకు కట్టి పట్టుకుంటే చాలు. దుకాణంలో దొరికే మడత డిఫ్యూజర్ చేసే పని ఇదే. ఇక్కడ ఒక చిక్కు ఉంది. పంచె నీడ పువ్వు మీద మాత్రమే పడి, వెనుక నేల ఎండలోనే ఉంటే, నేపథ్యం పువ్వు కంటే ప్రకాశవంతంగా తయారై బొమ్మను చెడగొడుతుంది. వెనుక భాగం కూడా నీడలో ఉండే కోణం వెతుక్కోవాలి, లేదా ఇంకొకరిని వెనుక గొడుగు పట్టుకుని నిలబడమనాలి. కింది నీడలను తేలిక చేయడానికి తెల్ల థర్మోకోల్ ముక్క సరిపోతుంది. వెండి రంగు రిఫ్లెక్టర్ మన ఎండకు మరీ తీవ్రం. ఇంట్లో కిటికీ వెలుగుకైతే దానికీ ఉపయోగం ఉంది.

ఫ్లాష్ గురించి రెండు మాటలు చాలు. కెమెరా మీది చిన్న ఫ్లాష్ వెలుగును లెన్స్ గొట్టమే అడ్డుకుంటుంది కనుక దానిని వదిలేయండి. విడి ఫ్లాష్‌ను పక్కకు జరిపి, ముందు ట్రేసింగ్ కాగితం పెట్టి, తక్కువ శక్తితో వాడితే అది సెకనులో కొన్ని వేల వంతు మాత్రమే వెలుగుతుంది కాబట్టి, బయటి వెలుగు మందంగా ఉన్నప్పుడు గాలికి ఊగే పువ్వు కూడా నిశ్చలంగా వస్తుంది. వెనుక భాగం నల్లబడడం దాని లక్షణం; మల్లెకు అది శోభ, తంగేడుకు కాదు.

రంగును బట్టి ఎక్స్‌పోజర్ సరిచేయడం అన్ని దారుల్లోనూ తప్పదు. కెమెరా లెక్క మధ్యస్థపు బూడిద రంగును ఆధారం చేసుకుంటుంది గనుక చట్రం నిండా ఉన్న తెల్లపూలను మాసినట్టు చూపిస్తుంది. అర స్టాపు నుంచి ఒక స్టాపు దాకా (ఒక స్టాపు అంటే వెలుగు రెండింతలు) పెంచాలి. ఎర్ర మందారంలో ఎరుపు ఛానల్ ఒక్కటే ముందుగా నిండిపోయి రేకులోని ముడతలు, ఈనెలు మాయమవుతాయి. దానికి అర నుంచి ముప్పావు స్టాపు తగ్గించి, రంగులవారీ హిస్టోగ్రామ్ (ఏ రంగు వెలుగు ఎంత పడిందో కెమెరా తెర మీద చూపే పటం) చూసుకోవాలి.

ఫోకస్‌లో తేల్చుకోవలసినవి

స్పష్టంగా కనిపించే లోతు ఎంత తక్కువో అంకెలలో చూస్తేనే అర్థమవుతుంది. ఏపీఎస్-సీ కెమెరా మీద ఎఫ్/8 దగ్గర (ఈ అంకె పెరిగేకొద్దీ ఎపర్చర్ చిన్నదవుతుంది), 0.15 రెట్లకు సుమారు 16 మి.మీ. లోతు స్పష్టంగా ఉంటుంది, 0.3 రెట్లకు అది నాలుగున్నర మి.మీ.; 1:1 దగ్గర అర మి.మీ. కంటే కొద్దిగా ఎక్కువ. ఎపర్చర్‌ను ఎఫ్/16కు మూస్తే లోతు రెట్టింపవుతుంది నిజమే, కాని 1:1 దగ్గర ఎఫ్/16 అసలు ఎఫ్/32లా పని చేస్తుంది. వెలుగు నాలుగో వంతుకు పడిపోవడమే కాక, చిన్న రంధ్రం అంచుల దగ్గర వెలుగు చెదిరిపోవడం (డిఫ్రాక్షన్) వల్ల బొమ్మ అంతటా పదును తగ్గుతుంది. పెద్ద పూలకు ఎఫ్/8 నుంచి ఎఫ్/11, చిన్న పూలకు ఎఫ్/8 దాటకుండా ఉండడం నేను సూచించే మధ్యేమార్గం.

మందారాన్ని ఉదాహరణగా తీసుకుంటే ఇంకా స్పష్టమవుతుంది. దాని నడుమ నుంచి బయటికి పొడుచుకువచ్చే కేసరాల కాడ ఐదు సెంటీమీటర్లకు పైనే ఉంటుంది. ఎదురుగా నిలబడి తీస్తే 16 మి.మీ. లోతులో కాడ కొసనున్న ఐదు ఎర్రటి కీలాగ్రాలో, వెనుక ఉన్న రేకులో, ఏదో ఒకటే స్పష్టంగా వస్తుంది. మూడు దారులున్నాయి. పక్క నుంచి తీస్తే కాడ సెన్సర్‌కు సమాంతరమై, మొదలు నుంచి కొస దాకా ఒకే ఫోటోలో స్పష్టంగా వస్తుంది. ఇది ఖర్చు లేని మార్గం, చాలాసార్లు ఇదే అందమైనది కూడా. రెండోది, కీలాగ్రాల మీదే ఫోకస్ నిలిపి రేకులను రంగుగా కరిగిపోనివ్వడం. మూడోది, ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ వరుసగా ఫోటోలు తీసి కంప్యూటర్‌లో కలిపే ఫోకస్ స్టాకింగ్. ఇప్పటి మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలు చాలావాటిలో ఈ వరుసను కెమెరానే తీస్తుంది. కలపడానికి హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ వంటి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అయితే వరుస పూర్తయ్యేదాకా పువ్వు కదలకూడదు. చేను గట్టున స్టాకింగ్‌కు పూనుకోవడం శ్రమ వృథా చేసుకోవడమే. మందారం తెంపినా చాలావరకు ఆ పూటంతా విచ్చుకునే ఉంటుంది కాబట్టి, వరండాలో కిటికీ పక్కన సీసాలో నిలిపి స్టాకింగ్ చేయడం సులువు.

ఆటోఫోకస్, మాన్యువల్ ఫోకస్‌ల మధ్య గీత కూడా ఎన్ని రెట్లన్న దాన్ని బట్టే గీయాలి. 0.3 రెట్ల వరకు ఒకే చుక్క పెట్టి ఆటోఫోకస్ వాడవచ్చు. అది దాటాక లెన్స్ ముందుకూ వెనక్కూ వెతుక్కుంటూ ఉండిపోతుంది. ట్రైపాడ్ ఉంటే కెమెరా తెర మీద (లైవ్ వ్యూలో) బొమ్మను పది రెట్లు పెద్దది చేసి చేత్తో ఫోకస్ తిప్పడం అన్నిటికంటే నమ్మకం. చేత్తో పట్టి తీసేవారు ఫోకస్‌ను ఒక దూరంలో స్థిరపరచి, శరీరాన్ని మెల్లగా ముందుకు వాల్చుతూ, కేసరాలు స్పష్టమైన క్షణంలో వరుసగా నాలుగైదు ఫోటోలు తీయాలి; షట్టర్ వేగం 1/250 కంటే తగ్గకుండా ఐఎస్‌ఓను (వెలుగుకు కెమెరా స్పందనను) 800 దాకా పెంచడానికి వెనుకాడవద్దు. దానివల్ల బొమ్మలో కనిపించే కొద్దిపాటి గింజల వంటి చుక్కలను తరువాత తగ్గించుకోవచ్చు, ఊగిన పువ్వును సరిచేయలేం. గాలి ఉన్నచోట కాడను చిన్న పుల్లకు బట్టల క్లిప్పుతో అదుముకోవడం తప్పేమీ కాదు, మొక్క విరగకపోతే చాలు.

కూర్పు

కూర్పు అనగానే చట్రాన్ని మూడు భాగాలు చేసి పువ్వును గీతల కూడలిలో పెట్టమనే సూత్రం వినిపిస్తుంది. చేమంతి, బంతి వంటి గుండ్రని పూలను నేరుగా పైనుంచి తీసేటప్పుడు దానిని పక్కన పెట్టవచ్చు. రేకుల వలయాలు మధ్యలోనే బాగుంటాయి, సెన్సర్‌కు సమాంతరంగా ఉండడం వల్ల ఫోకస్ కూడా సులువు. మందారం, ఉమ్మెత్త వంటి దిశ ఉన్న పూలను పక్కకు జరిపి, అవి చూసే వైపు చోటు వదలాలి. మిరప పువ్వు తలవంచుకుని ఉంటుంది కాబట్టి నేల మట్టానికి దిగనిదే దాని ముఖం కనిపించదు. తిరిగే తెర ఉన్న కెమెరాకు ఇక్కడ నిజమైన ప్రయోజనం ఉంది.

అయినా కూర్పులో ఎక్కువ భాగం నేపథ్యమే. పువ్వుకూ వెనుక వస్తువుకూ మధ్య దూరం పెంచడం, ఎపర్చర్ తెరవడం కంటే బలమైన సాధనం. కుండీలో మొక్క అయితే కుండీనే గోడకు దూరంగా జరపండి. ఉదయగిరి వైపు బాట పక్కన పూసే తంగేడును తీసేటప్పుడు మోకాళ్ల మీద కూర్చుంటే పసుపు పూల వెనుక దూరపు కొండ నీలి పొరలా వస్తుంది. నిలబడి తీస్తే వెనుక గులకరాళ్లే మిగులుతాయి. చెరువులోని కలువకు ఒడ్డు నుంచే పొడవైన జూమ్ వాడాలి. నీటి మీదా, తడి ఆకుల మీదా మెరుపు తగ్గించడానికి లెన్స్ ముందు బిగించే పోలరైజర్ ఫిల్టర్ ఉపయోగపడుతుంది, కాని ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుగు తినేస్తుంది కనుక నీడలో దానిని తీసేయడమే మంచిది.

ఎవరికి ఏది

ఫోన్ మాత్రమే ఉండి, ఇంటి మొక్కల పూలే తీసేవారు ఏమీ కొనకుండా థర్మోకోల్ ముక్క, పంచె, పొద్దున లేవడం అనే మూడింటితో మొదలుపెట్టాలి. కిట్ లెన్స్ ఉన్నవారు మొదట కొనవలసింది లెన్స్ కాదు, నేల మట్టానికి దిగగల గట్టి ట్రైపాడ్. 50 మి.మీ. ఉన్నవారికి స్పర్శలున్న ట్యూబులు, పొడవైన జూమ్ ఉండి తీరంలోనో ముళ్ల కంపల మధ్యో తిరిగేవారికి ఆక్రోమాట్ ఫిల్టర్ సరిపోతాయి. చిన్న పూలతో పాటు వాటి మీది చీమలు, పేనుబంక కూడా తీయాలనుకునేవారు నేరుగా 90-105 మి.మీ. మాక్రోకు వెళ్లాలి, మధ్యలో ట్యూబులు, ఫిల్టర్లు రెండూ కొంటే ఆ ఖర్చు తిరిగి రాదు.

మాక్రో లెన్స్ కొత్తది కొనలేనివారికి వాడినది తీసుకోవడం మంచి మార్గమే. మన గాలిలో తేమ ఎక్కువ కనుక లోపలి అద్దాల మీద బూజు పట్టిన లెన్సులు అమ్మకానికి వస్తుంటాయి. ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనుక వైపు నుంచి టార్చి వేసి, సాలీడు దారాల వంటి సన్నని గీతలు ఉన్నాయేమో చూడండి. ఉంటే ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు. కొన్న తరువాత గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పాటు ఉంచి, వర్షాకాలంలో ఆ పొట్లాలను తరచుగా మారుస్తూ ఉండండి.